భయపడ్డ చేతికి ఒక గడియ

జూన్ 11

మావయ్యా,

మొన్న ఫోనులో నువ్వు మాట్లాడుతూనే ఉన్నావట. నాకేమో ఎవరో దూరంగా ఊపిరి పీలుస్తున్నట్టు మాత్రమే వినిపించింది. భయమేసి "ఎవరూ? ఎవరూ?" అని అరిచి పెట్టేశాను. తర్వాత అమ్మ చెప్పింది, వణుకు జబ్బు చేతులతో ఆగలేదని, నీ గొంతును కూడా సన్నగా చేసేసిందని. ఇక మనిద్దరికీ ఉత్తరాలే. కాగితం మీద అందరి గొంతూ ఒకేలా వినిపిస్తుంది. పైగా నాకు ఈమధ్య మాటల పిచ్చి పట్టింది. దొరికిన మాటనల్లా నాలుక మీద వేసుకుని చప్పరిస్తున్నాను. ఈ వారం దొరికింది "ఓరవాకిలి". పూర్తిగా మూయని తలుపట. ఎంత బాగుందో చూడు.

నా చదువు సంగతి. అందరూ వాడగలిగే వస్తువులు తయారుచెయ్యడం మా క్లాసు పని. మొదటి రోజే మేడమ్ మా చేతులకు దళసరి తొడుగులు వేయించి, సీసాల మూతలు తీయమంది. ఒక్కరివల్లా కాలేదు. "తప్పు ఎవరిది? చేతిదా, మూతదా?" అని అడిగింది. చేతిదే అన్నాం అందరం. "అయితే మీతో నాకు చాలా పని ఉంది," అంది.

పరీక్షకు ఒక వస్తువు చెయ్యాలి. నేను గడియ ఎంచుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. పోయినసారి వచ్చినప్పుడు నీ గడియ తీయడానికి నువ్వు పడ్డ అవస్థ చూశాను. చూడనట్టు నటించాను. ఆ బుల్లి పుల్లను రెండు వేళ్ళతో పట్టుకుని లాగాలి. అద్దాల పని మాస్టారుగా గీతబద్ద లేకుండా అద్దాన్ని నిట్టనిలువుగా కోసిన నీ వేళ్ళు ఆ పుల్ల చుట్టూ ఈగల్లా తిరిగాయి.

పార్సిల్‌లో ఉన్నది నా గడియ. పెద్ద మీట. కిందికి నొక్కితే పడుతుంది, మోచేత్తో లేపితే తెరుచుకుంటుంది. మీ వీధి వడ్రంగి చేత పెట్టించు. మీ బిల్డింగులో తలుపులన్నీ బయటికే తెరుచుకుంటాయి కదా (కట్టించినవాడికి వరండాలో నడిచేవాళ్ళ ముక్కుల మీద ఏం పగో!), దానికి తగ్గట్టే చేశాను.

ఒక్కటే షరతు. నిజం రాయాలి. నన్ను మురిపించడానికి అబద్ధం రాశావో, నీతో జన్మలో మాట్లాడను.

నీ తలుపు గురించే కలలు కంటున్న
కోడలు పిల్ల


జూన్ 19

కోడలు పిల్లా,

వడ్రంగి నీ గడియను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటి సార్, లారీకి వెయ్యాల్సింది ఇంటికి వేస్తున్నారు?" అన్నాడు. "నా కోడలు చేసింది, నోరు మూసుకుని బిగించు," అన్నాను. నా గొంతు వాడికి వినపడలేదు కాబట్టి గొడవ కాలేదు. ఈ జబ్బులో ఉన్న ఒక్క సుఖం ఇదే, ఎవర్నయినా తిట్టుకోవచ్చు.

గడియ బాగుంది. మోచేత్తో లేపి తలుపు తీస్తుంటే, రెండు చేతుల్లో సంచులున్న పెద్దమనిషిలా ఉన్నాను.

కానీ ఒక మాట. ఈమధ్య మా బిల్డింగులో చీకటి పడే వేళకు ఎవడో తలుపుల పిడులు తిప్పి చూస్తున్నాడు. ఎదురింటి టీచరమ్మ పిడి కదలడం తన కళ్ళతో చూసిందట. "ఎవర్రా అది!" అని లెక్కల క్లాసులో అరిచినట్టు అరిచిందట. మెట్ల మీద అడుగుల చప్పుడు, అంతే. కింది అంతస్తులో ఒకరి గడియను తలుపు సందులోంచి తీగ దూర్చి లేపేశారు. లోపలివాళ్ళు మేలుకుని అరిచారు కాబట్టి సరిపోయింది.

నీ మీట నా మోచేతికి ఎంత తేలికో తీగకూ అంతే తేలిక కదా? తీగ వల్ల కాకుండా, మనిషి వల్లే అయ్యేలా ఏమైనా చెయ్యి. నాకు భయమేం లేదు. ఊరికే అడుగుతున్నాను.

పెన్సిల్ జారిపోతోంది. ఉంటాను.
మావయ్య


జూలై 2

మావయ్యా,

నీకు భయం లేదు సరే, నాకు ఉంది. నీ ఉత్తరం చదివినప్పట్నించి మా హాస్టల్ తలుపు పిడిని కూడా అనుమానంగా చూస్తున్నాను.

ఇదిగో కొత్త గడియ. మీటకు ఒక బొత్తాం పెట్టాను. బొత్తాం నొక్కిపట్టి మీట లేపాలి. రెండు పనులూ ఒక్కసారే జరగాలి. తీగకు అంత తెలివి ఉండదు. రోజంతా ఆకురాయితో రాస్తూ కూర్చున్నాను, వేళ్ళు బొబ్బలెక్కాయి. బొత్తాం అంచు ఎక్కడా గుచ్చుకోదు, నిమిరి చూడు.

మేడమ్ దాన్ని నాలుగైదుసార్లు నొక్కి చూసి తిరిగి ఇచ్చేసింది. ఊళ్ళో ఉన్న వృద్ధాశ్రమం మేనేజరు మాత్రం చూడగానే ఎగిరి గంతేశాడు. వాళ్ళ గదులకూ ఇలాంటిదే కావాలట. వాడేవాళ్ళు బాగుందంటేనే ఇస్తానని గట్టిగా చెప్పాను. వాడేవాళ్ళంటే నువ్వే. కాబట్టి మళ్ళీ అదే షరతు: నిజం.

నీ తీర్పు కోసం గోళ్ళు కొరుక్కుంటున్న
కోడలు పిల్ల


జూలై 10

కోడలు పిల్లా,

దివ్యంగా ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నాక తీసి చూశాను, వెన్నలా కదిలింది. ఇలాంటిది బజారులో పెడితే జనం ఎగబడతారు. ఆశ్రమం వాళ్ళకు నిశ్చింతగా ఇవ్వు.

ఇప్పుడు పగలు కూడా గడియ వేసే ఉంచుతున్నాను. సాయంత్రాలు కిందికి దిగడం మానేశాను. ఆ మెట్లు ఎవడు ఎక్కుతాడులే మళ్ళీ. టీచరమ్మ వచ్చి తలుపు కొడితే, "పడుకున్నాను, రేపు రండి" అంటాను. ఆవిడకు నా గొంతు వినపడుతుందో లేదో కానీ వెళ్ళిపోతుంది.

బాగా చదువుకో. ఓరవాకిలి అనే మాట నాకూ నచ్చింది. కానీ అలాంటిది ఈ రోజుల్లో ఎవడూ పెట్టుకోకూడదు.

మావయ్య


జూలై 21

మావయ్యా! మావయ్యా! మావయ్యా!

నీ ఉత్తరాన్ని పరీక్ష చేసేవాళ్ళ ముందు గట్టిగా చదివాను. "వెన్నలా కదిలింది" అన్న మాట రెండుసార్లు చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే నెలలో ఆశ్రమం గదులన్నిటికీ నా గడియలు బిగిస్తారు. నా గడియలు! మనుషులు వాటి వెనకాల నిద్రపోతారు!

మేడమ్ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. "మీ మావయ్య ఏ వేళప్పుడు తీసి చూశారు?" అని అడిగింది. "గడియకు వేళేంటి మేడమ్, ముహూర్తం చూసి తియ్యాలా?" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ తీరే అంత, పాలలో కూడా ఎముకలు వెతుకుతుంది.

నీ అక్షరాలు మరీ చీమల్లా అయిపోయాయేంటి? మొదటి ఉత్తరంలో ఇంత చిన్నగా లేవు. నా మీద కోపమా? పని ఎక్కువ చెప్పాననా? కోపమైతే పెద్ద అక్షరాలతో తిట్టు, పడతాను.

ఇంకొక సంగతి. నవ్వకు. నిన్న మా వర్క్‌షాపులో రంగులు ఆరబెట్టే గదిలోకి వెళ్ళాను. గాలికి తలుపు పడిపోయింది, లైటు ఆరిపోయింది. రంగుల వాసనకు ఊపిరాడలేదు. రోజూ తీసే గొళ్ళెమే మావయ్యా. కళ్ళు మూసుకుని తీయగలను. నిన్న మాత్రం నా వేళ్ళు ఎవరివో అయిపోయాయి. పైకి లాగాలో పక్కకు తొయ్యాలో మర్చిపోయాను. ఊరికే తలుపును గుద్దాను. వాచ్‌మన్ వచ్చి తీశాడు. "ఏంటమ్మా, గొళ్ళాల ఇంజనీరువి కదా!" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఇవాళ ఆ గదిలోకి నేను వెళ్ళకుండా ఇంకో పిల్లను పంపాను. ఎందుకో తెలియడం లేదు.

సాయంత్రాలు కిందికి ఎందుకు దిగడం లేదు నువ్వు?

కోడలు పిల్ల


ఆగస్టు 3

కోడలు పిల్లా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలా రోజులైంది. రాయడం, చింపడం. నీ మీద కోపం లేదు. జబ్బు ముదిరితే అక్షరాలు చిన్నవైపోతాయట. పెద్దగా రాస్తున్నాననే అనుకుంటాను, చూస్తే చీమలు.

నేను అబద్ధం రాశాను.

మాత్ర వేసుకున్నాక కాసేపు నా చేతులు నావి. ఆ వేళలో నీ గడియ నిజంగానే వెన్న. సాయంత్రానికి మాత్ర దిగిపోతుంది. అప్పుడు బొత్తాం మీద వేలు పెడితే మీట జారిపోతుంది, మీట పడితే వేలు జారిపోతుంది. సాయంత్రాలు కిందికి దిగనిది అందుకే. నా తలుపు నేను తీయలేను.

ఇది రాయకూడదనే అనుకున్నాను. తీగ మాట ఎత్తి బొత్తాం అడిగింది నేనే. నీ వేళ్ళకు బొబ్బలెక్కాయి. అది పనిచెయ్యలేదంటే, గడియ బాగాలేదనుకుంటావో, మావయ్య పాడైపోయాడనుకుంటావో అని.

పోయిన వారం సాయంత్రం కింద కరెంటు మీటర్ల పెట్టె అంటుకుంది. పొగ మెట్ల మీదుగా పైకి వచ్చింది, నా తలుపు కింది సందులోంచి లోపలికి పాకింది. టీచరమ్మ తలుపు బాదింది. "మాస్టారూ! బయటికి రండి! రండి బయటికి!" నేను గడియ దగ్గరే ఉన్నాను. బొత్తాం కనిపిస్తోంది. నా చెయ్యి దాని మీదే ఉంది. చెయ్యికి చెబుతున్నాను, అది వినడం లేదు. జబ్బు వణుకు నాకు అలవాటే. ఇది అది కాదు. భయం తగిలేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. చివరికి ఒళ్ళంతా తలుపు మీద వేసి గుద్దుకున్నాను, పిచ్చివాడిలా. తలుపుకేం తెలుస్తుంది?

"వస్తున్నాను" అన్నాను. అది ఆవిడకు వినపడలేదు. ఆవిడ ఏడవడం నాకు వినపడింది.

ఎవరో మెయిన్ ఆపేశారు, మంట ఆరింది, పొగ పోయింది. నాకేం కాలేదు. పొద్దున మాత్ర వేసుకుని తలుపు తీస్తే టీచరమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఒక్క మాట కూడా తిట్టలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

ఆశ్రమంలో ఎన్ని గదులున్నాయో, అన్నిట్లో నా లాంటి చేతులే ఉంటాయి. భయపడ్డ చెయ్యి వేరే చెయ్యి తల్లీ. ఆ గడియలు వెయ్యనివ్వకు. నీ మార్కులు పోతే పోనీ, నన్ను తిట్టుకో.

మావయ్య


ఆగస్టు 8

మావయ్యా,

నీ ఉత్తరం అందిన రోజే ఆశ్రమానికి పరిగెత్తాను. కాళ్ళకు చెప్పులున్నాయో లేదో కూడా గుర్తులేదు. అప్పటికే ఒక వరండా అంతా నా గడియలు బిగించేశారు. కొత్త ఇత్తడిలా మిలమిలా మెరుస్తున్నాయి.

మొదటి తలుపు కొట్టాను. "వస్తున్నా" అంది లోపల ఒక ముసలావిడ. తర్వాత చప్పుడు లేదు. తర్వాత మీట టకటకలాడిన చప్పుడు. ఆగింది. మళ్ళీ టకటక. "ఉండమ్మా, ఇప్పుడే, ఇప్పుడే" అంటోంది. ఆ "ఇప్పుడే" ఎంతకీ అవ్వలేదు. నేను అవతల నిలబడి వింటున్నాను. నువ్వు లోపల ఉన్నావనిపించింది. పొగ వాసన కూడా వచ్చిందంటే నమ్ముతావా?

తలుపు తెరుచుకున్నాక ఆవిడ అన్న మాట ఇది: "గడియ మంచిదేనమ్మా, నా చేతులే మంచివి కావు."

మరమేకులన్నీ నేనే ఊడదీశాను. మేనేజరు వెనకాలే తిరుగుతూ, "ఇదేం పిల్లచేష్ట! నిన్న ఇచ్చి ఇవాళ పీకుతావా?" అని అరుస్తూనే ఉన్నాడు. మరమేకులు నేల మీద పడి దొర్లిపోయాయి.

నీ ఉత్తరం మేడమ్‌కు ఇచ్చాను. చదివి, మడిచి, "మీ మావయ్య నీకు మార్కులు పోగొట్టలేదు. ఇప్పుడు మొదలుపెట్టు," అంది. రంగుల గదిలో నేనూ తలుపును గుద్దాను కదా, అదీ చెప్పాను. నువ్వూ ఒళ్ళంతా వేసి గుద్దావు. భయపడ్డ మనిషికి వేళ్ళుండవు, బరువొక్కటే ఉంటుంది. మరి తలుపు ఆ బరువును ఎందుకు అర్థం చేసుకోకూడదు?

పంపుతున్నది పలక. తలుపు లోపలివైపు ఛాతీ ఎత్తులో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా ఉంటుంది. మనిషి ఆనుకుంటే చాలు, గడియ వెనక్కి పోతుంది, తలుపు బయటికి తెరుచుకుంటుంది. వేళ్ళు అక్కర్లేదు. తీగతో లాగినా కదలదు, లోపల్నించి బరువు పడాలి.

నిన్ను తిట్టుకోలేదు. జన్మలో మాట్లాడనన్నాను కానీ, రాయనని అనలేదు కదా.

కోడలు పిల్ల


ఆగస్టు 20

కోడలు పిల్లా,

పలక పెట్టాం. ఈసారి వడ్రంగి ఏమీ అనలేదు. పొగ రోజు వాడూ కిందే ఉన్నాడట.

పొద్దున ఆనుకున్నాను, తెరుచుకుంది. మాత్ర దిగిపోయాక, సాయంత్రం, వేళ్ళు చచ్చుపడ్డప్పుడు ఆనుకున్నాను. తెరుచుకుంది. అప్పుడే పాలగిన్నెతో వస్తున్న టీచరమ్మకు తలుపు తగిలి పాలు ఒలికాయి. "మాస్టారూ, గడియ పెట్టించుకున్నారా, ఫిరంగి పెట్టించుకున్నారా?" అంది. చాలా రోజులకు నవ్వాం ఇద్దరం.

కానీ ఇవన్నీ నేను తెలిసి ఆనుకున్నవి. భయపడి ఆనుకున్నది ఒక్కటీ లేదు. కావాలనుకుంటే భయం రాదు కదా. ఒకసారి అబద్ధం రాసి అంతమందిని ఆ తలుపుల వెనక పెట్టబోయాను. ఈసారి గట్టిగా తెలియకుండా బాగుందని రాయను.

ఒక పని చెయ్యి. ఏదో ఒక సాయంత్రం చెప్పకుండా రా. పిడి తిప్పు. గీకు. ఏమైనా చెయ్యి. వచ్చింది నువ్వని చెప్పకు. నేను నిజంగా భయపడాలి. మీ మేడమ్‌కు చెప్పకు, ఒప్పుకోదు.

నీ ప్రయోగాల ఎలుక
మావయ్య


ఆగస్టు 26

మావయ్యా,

చదవగానే ఒళ్ళు జలదరించింది. నిన్ను భయపెట్టడానికి నేను రావాలా? కానీ నువ్వు చెప్పింది నిజమే. ఆశ్రమం ముసలావిడ మళ్ళీ గడియ ఎప్పుడు పెడతావని కబురు పంపుతోంది, ఏమని చెప్పను?

సరే. వస్తాను. ఎప్పుడో చెప్పను.

కోడలు పిల్ల


సెప్టెంబరు 9

కోడలు పిల్లా,

నిన్న సాయంత్రం వచ్చావు కదా?

వరండాలో బల్బు వెలగలేదు. అది ముందే తీసేసినట్టున్నావు, మంచి తెలివే. దీపం వేసుకోకుండా కుర్చీలో కూర్చున్నాను. పిడి తిరిగింది. నెమ్మదిగా ఇటు, నెమ్మదిగా అటు. కోడలేలే అనుకున్నాను. తర్వాత సందులో ఏదో గీకిన చప్పుడు. కోడలేలే అని మళ్ళీ అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను కానీ ఒళ్ళు నమ్మలేదు.

వినడానికి తలుపు దాకా వెళ్ళాను. అక్కడ కాళ్ళు నేలకు అంటుకుపోయాయి. ఈ జబ్బులో అలా అవుతుంది. కాళ్ళు ఆగిపోతాయి, ఒళ్ళు ఆగదు. ముందుకు పడిపోయాను. పలక మీద పడ్డాను.

నీ పలక చెప్పిన పని చేసింది. తలుపు ఫిరంగిలా తెరుచుకుంది. అవతల మెత్తగా దేనికో తగిలింది. ఎవరో "అబ్బా" అన్నారు. తర్వాత మెట్ల మీద అడుగులు, కిందికి, పరిగెత్తుతూ.

నేను గడప మీద బోర్లా పడి ఉన్నాను. తలుపు బార్లా తీసి ఉంది. చీకటి. ఎవరైనా లోపలికి రావచ్చు. నన్ను దాటుకుని రావచ్చు. టీచరమ్మ దీపం పట్టుకుని వచ్చేదాకా అలాగే ఉన్నాను. అక్కడ నేల మీద రక్తం చుక్కలున్నాయి.

"నా కోడలే, పరీక్ష పెట్టింది," అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మీ కోడలైతే పరిగెత్తి పారిపోతుందా మాస్టారూ?" అంది.

ఆ "అబ్బా" మగగొంతులా ఉంది. కానీ నొప్పి పుట్టినప్పుడు ఎవరి గొంతైనా అలాగే ఉంటుందేమో. భయపడి పారిపోయావేమో, చిన్నపిల్లవి కదా.

నీ ముక్కు ఎలా ఉంది? వాచిందా? వాచిందని రాయి. ఇంతకాలం నిజం రాయమని నన్ను చంపుకుతిన్నావు. ఈ ఒక్కసారికి అబద్ధమైనా పరవాలేదు. వాచిందని రాయి.

మావయ్య


సెప్టెంబరు 12

మావయ్యా,

నా ముక్కు బాగానే ఉంది.

నేను రాలేదు. రోజూ బయలుదేరాలనుకున్నాను, రోజూ కాళ్ళు రాలేదు. చివరికి మేడమ్‌కు చెప్పేశాను. "భయపెట్టి చూడటం పరీక్ష కాదు, అది ఇంకో రకం దొంగతనం," అంది. వద్దని నీకు వెంటనే రాయాల్సింది. రాయలేదు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నాను. పిడి తిరుగుతుంటే నువ్వు "కోడలేలే" అనుకుంటూ కుర్చీలో కూర్చున్నావు. ఆ మాట చదివినప్పట్నించి నాకు అన్నం సహించడం లేదు.

వాచిందని రాస్తే ఇవాళ నువ్వు నిద్రపోతావు. తెలుసు. కానీ రేపు ఎవరైనా పిడి తిప్పితే మళ్ళీ కోడలేలే అనుకుంటావు. అందుకే రాయలేను.

పలక మనిషి బరువును అర్థం చేసుకుంది. వెళ్ళాలనుకుని ఆనుకున్నాడో, కాళ్ళు ఆగి పడిపోయాడో అర్థం చేసుకోలేదు. నాకూ తెలియలేదు, దానికి ఎలా తెలుస్తుంది? పడ్డ మనిషిని పట్టుకునేది కూడా ఏదో ఉండాలి. నాకింకా దొరకలేదు.

ఈ ఉత్తరాన్ని ఫొటో తీసి టీచరమ్మ ఫోనుకు పంపుతున్నాను, ఆవిడ చదివి వినిపిస్తుంది. నేను వచ్చేదాకా ఆవిడ నీ దగ్గరే ఉంటానంది. వడ్రంగి ఇవాళే వరండాలో బల్బు పెడతాడు. నేను సంచి సర్దేశాను.

ఎవరు పిడి తిప్పినా లేవకు, అది నేను కాదు. ఎవరు కొట్టినా లేవకు, నేను కొట్టను. కింద మెట్ల దగ్గర్నించే "మావయ్యా" అని అరుచుకుంటూ ఎక్కుతాను. బిల్డింగంతా తిట్టుకోనీ. ఆ అరుపు మీ అంతస్తు దాకా వచ్చాకే కుర్చీలోంచి లే. ఎంతసేపు పట్టినా పరవాలేదు. తలుపు అవతల, ముక్కుకు తగలనంత దూరంలో, నీకు వినపడేలా మాట్లాడుతూనే నిలబడతాను.

కోడలు పిల్ల